ఆంగ్ల క్రియలో గతం, కొనసాగింపు

‘అతడు 10 ఏళ్ల నుంచి ఇక్కడ పనిచేస్తున్నాడు’ అనే వాక్యంలో ‘నుంచి’ ఆరంభాన్ని, వర్తమాన క్రియ కొనసాగింపును తెలుపుతున్నాయి. ఆంగ్లంలో ఆరంభం గతంలో ఉన్నదన్న సంగతిని క్రియారూపం సైతం తెలపాలి: ‘హి హ్యాజ్ బీన్ వర్కింగ్ హియర్ ఫర్ టెన్ ఇయర్స్’. కేవలం ‘హి వర్క్‌డ్’ అంటే పనిచేసి మానుకొన్నాడనే అర్థం స్ఫురిస్తుంది. ఉద్యోగ దరఖాస్తులో ఇది చిన్న పొరపాటు కాదు. చేస్తున్న కొలువును వదులుకొన్నట్లే చదువరి భావిస్తాడు.

తెలుగు విద్యార్థి తన వాక్యాన్ని మాటకు మాటగా మార్చి ‘హి ఈజ్ వర్కింగ్ హియర్ సిన్స్ టెన్ ఇయర్స్’ అని వ్రాయడం సహజమే. అయితే ‘సిన్స్’ మొదలైన సమయాన్ని, ‘ఫర్’ గడచిన వ్యవధిని చెబుతాయి. మన ‘నుంచి’ మాత్రం ‘2015 నుంచి’, ‘10 ఏళ్ల నుంచి’ అని రెండు చోట్లా ఇముడుతుంది.