దెబ్బ పడక ముందే

ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్టు అంటారు పెద్దలు. ముప్పు వచ్చాక పరుగెత్తితే లాభం లేదు. ముందే ఆపాలి. కోర్టు అలా ఆపగలదా? ఆపగలదు. ఎలాగో చదువుదాం.

అమెరికాలో

అమెరికా దేశంలో చాలా ఇళ్లల్లో తుపాకులు ఉంటాయి. అక్కడ దుకాణంలో కొనుక్కోవచ్చు.

2014లో కాలిఫోర్నియా రాష్ట్రంలో ఒక యువకుడు ఆరుగురిని చంపాడు. ముగ్గురిని కత్తితో, ముగ్గురిని తుపాకితో. తరువాత తనూ కాల్చుకున్నాడు. అంతకు కొన్ని వారాల ముందే కన్నతల్లికి భయం పుట్టింది. విషయం పోలీసులకు తెలిసింది. వాళ్లు అతని ఇంటికి వెళ్లారు. అతను మర్యాదగా మాట్లాడాడు. పోలీసులు తిరిగి వెళ్లిపోయారు. తుపాకులు అతని దగ్గరే ఉండిపోయాయి.

ఆ ఏడాదే అక్కడ కొత్త చట్టం చేశారు. 2016 జనవరి 1 నుంచి అది అమలయింది. ఇంట్లోవాళ్లే కోర్టుకు వెళ్లి చెప్పవచ్చు. "మావాడు చంపుతానంటున్నాడు, చస్తానంటున్నాడు. వాడి దగ్గర తుపాకి ఉంచకండి" అని అడగవచ్చు.

ముప్పు నిజమే అనిపిస్తే జడ్జి ఆర్డరు ఇస్తారు. ఆ మనిషి తుపాకులు అప్పగించాలి. కొత్తవి కొనకూడదు. మొదటి ఆర్డరు కొద్ది రోజులకే. తరువాత అతని మాట కూడా వింటారు. అవసరమైతే గడువు పెంచుతారు. ఇది జైలు శిక్ష కాదు. కానీ ఆర్డరు మీరితే నేరం.

ఇలాంటి చట్టం మొదట 1999లో కనెక్టికట్ రాష్ట్రంలో వచ్చింది. ఇప్పుడు ఇరవైకి పైగా రాష్ట్రాల్లో ఉంది. తుపాకి మా హక్కు అని వాదించేవాళ్లూ అక్కడ ఉన్నారు. 2024లో ఆ దేశపు సుప్రీంకోర్టు ఒక తీర్పు చెప్పింది. భార్యకో, కలిసి ఉన్న స్త్రీకో ప్రమాదం అని కోర్టు తేల్చిన మనిషి దగ్గర ఆ కాలంలో తుపాకి ఉండనివ్వక్కర లేదు అంది.

మన దగ్గర

మన దేశంలో తుపాకికి లైసెన్సు కావాలి. ఎక్కువ ఇళ్లల్లో తుపాకి ఉండదు. కానీ కత్తి ఉంటుంది. గొడ్డలి ఉంటుంది. మరి మనకేది దారి?

మనకు 2005 గృహహింస చట్టం ఉంది. దెబ్బ తగిలేదాకా ఆగక్కర లేదు. చంపుతానని బెదిరించినా హింసే. హింస జరిగేలా ఉన్నా మేజిస్ట్రేటు రక్షణ ఆర్డరు ఇవ్వవచ్చు. జిల్లాలో రక్షణ అధికారి ఉంటారు. దరఖాస్తు రాయడానికి సాయం చేస్తారు. కోర్టు చెబితే, పోలీసుల సాయంతో ఆయుధాన్ని కూడా స్వాధీనం చేసుకుంటారు.

ఆర్డరు మీరితే ఏడాది దాకా జైలు, లేదా 20 వేల రూపాయల దాకా జరిమానా. రెండూ పడవచ్చు. ఆడవాళ్లకు ప్రభుత్వమే ఉచితంగా లాయరును ఇస్తుంది. సాయం కోసం 181కి ఫోను చేయండి. ప్రాణం మీదికి వస్తే 112కి చేయండి.

మాట్లాడుకుందాం

1. కాలిఫోర్నియాలో తల్లి భయం ఎందుకు అక్కరకు రాలేదు?
2. "ఇంటి గుట్టు" అని బెదిరింపును దాచితే ఎవరికి నష్టం?
3. మీ జిల్లా రక్షణ అధికారి ఎవరు? కనుక్కుని, పేరూ ఫోను నంబరూ మీ చేత్తో ఇక్కడ రాయండి.