బండి దిగి, ముత్యాల దారిన

అక్టోబరు చివరి వారం. మనామా నగరంలో, గుదైబియా పేటలో మా మూడో అంతస్తు ఫ్లాటు. హాల్లో గోడకి ఆనించి స్ట్రోలర్ ఉంది. మా ఇంట్లో దాన్ని బండి అనే అంటాం. పాపకి 2 ఏళ్ల 10 నెలలు, బరువు 13 కిలోలు. బండి బరువు 7 కిలోలు. సీటు వెనక కుట్టిన చీటీలో 15 కిలోల దాకా మోస్తుందని రాసుంది. చీటీ లెక్కన ఇంకా 2 కిలోల వెసులుబాటుంది. కాని పాప మోకాళ్లు ముందుకి పొడుచుకొచ్చాయి, మడమలు పాదాల పట్టీ దాటి వేలాడుతున్నాయి. ముందు రోజే రాజమండ్రి నుంచి వచ్చిన మా అమ్మ కాఫీ తాగుతూ కాసేపు దానికేసి చూసి, "సంక్రాంతి లోపల దీన్ని మాన్పించేద్దామే" అంటుంది. చేతిలో పదకొండు వారాలున్నాయి.

నడక రావడం వేరు, బండి మానడం వేరు. మొదటిది పిల్ల తనంతట తనే నేర్చుకుంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశంతో పాటు ఒమాన్, ఘనా, నార్వే, అమెరికా పిల్లల్ని కూడా గమనించి 2006లో వయసుల లెక్క ప్రకటించింది. ఆసరా లేకుండా నడవడమన్నది 8.2 నెలల నుంచి 17.6 నెలల మధ్య ఎప్పుడైనా రావచ్చు. ఏడాదిన్నర నిండినా రాకపోతే డాక్టరుకి చూపించాలి. నడక వచ్చాక కూడా ఏడాదిన్నర, రెండేళ్లు బండి ఇంట్లో ఉంటుంది. పిల్ల అలిసిపోతుంది, నిద్రపోతుంది, రోడ్డు మీదికి పరిగెడుతుంది. మూడేళ్లు నిండేసరికి ఆ అవసరాలు ఒక్కొక్కటే తీరిపోతాయి. ఇక్కడ కేజీలో చేరే వయసూ అదే. అందుకే మూడో పుట్టినరోజుని గడువుగా పెట్టుకుని, దానికి రెండు మూడు నెలల ముందు నుంచే పని మొదలుపెట్టడం మంచిదని నా నమ్మకం. ఎదుగుదలలో ఇబ్బందులున్న పిల్లలకి ఈ గడువు వర్తించదు. వాళ్లకి బండి ఎన్నాళ్లు అవసరమైతే అన్నాళ్లు ఉండాల్సిందే.

మొదటి పని కొలవడం. క్యాలెండరు వెనక పెన్సిలుతో గీతలు గీసి, పాప ఎప్పుడు ఎక్కింది, ఎప్పుడు దిగింది అమ్మ రాస్తూ పోతుంది. శుక్రవారం సెలవు. మాల్‌లో 1 గంట 50 నిమిషాలు, సూపర్ మార్కెట్లో 35 నిమిషాలు, సాయంత్రం స్నేహితుల ఇంటికి పోయి రావడానికి 40 నిమిషాలు. మొత్తం 3 గంటల 5 నిమిషాలు. ఐదేళ్ల లోపు పిల్లల్ని బండిలోగాని కుర్చీలోగాని ఒక విడతకి గంటకి మించి కట్టి కూర్చోబెట్టవద్దని 2019లో అదే ఆరోగ్య సంస్థ చెప్పింది. నడిచే వయసు పిల్లలు రోజు మొత్తం మీద 3 గంటలు ఒళ్లు కదిలించాలని, మూడు నిండాక అందులో ఒక గంటైనా ఆయాసం వచ్చే ఆట ఉండాలని కూడా చెప్పింది. మా పాప ఆ శుక్రవారం కదలాల్సినంత సేపూ కూర్చునే ఉంది. అమ్మ పెన్సిలు పక్కన పెట్టి, "బండి దాని కాళ్ల కోసం కాదే, నీ తొందర కోసం" అంటుంది. నా దగ్గర జవాబు లేదు.

తరవాత రుతువు చూసుకోవాలి. బహ్రెయిన్‌లో ఈ పనికి ముహూర్తం పెట్టేది ఎండే. జులై, ఆగస్టుల్లో పగలు 38, 39 డిగ్రీలు, రాత్రి కూడా 30కి తగ్గదు, పైగా సముద్రపు ఉక్క. ఆ నెలల్లో మధ్యాహ్నం 12 నుంచి 4 దాకా ఆరుబయట కూలి పనులు చేయించకూడదని చట్టమే ఉంది. పసిపిల్ల మొహం మనకన్నా నేలకి దగ్గర కాబట్టి సెగ ఇంకా ఎక్కువ తగులుతుంది. బండి మీద గుడ్డ కప్పితే గాలాడక లోపల వేడి పేరుకుంటుంది, ఆ పని అసలు చేయకూడదు. అందుకని వేసవంతా పిల్లలు ఇంటి నుంచి కారులోకి, కారు నుంచి మాల్‌లోకి బండి మీదే మారుతుంటారు. నవంబరు వచ్చేసరికి సాయంత్రం గాలి మారుతుంది. జనవరిలో పగలు 20 డిగ్రీలు, రాత్రి 14. నడక పనికి అక్టోబరు చివర నుంచి ఏప్రిల్ దాకా ఉన్న రోజులే రోజులు.

బూట్లు మనామా సూక్‌లో కొంటాం. సూక్ అంటే బజారు. జత 4 దినార్ల 500 ఫిల్సు, మన డబ్బులో సుమారు వెయ్యి రూపాయలు. అమ్మ పాపని నిలబెట్టి, బొటనవేలి ముందు నొక్కి చూస్తుంది. ఒక సెంటీమీటరు ఖాళీ ఉండాలి. కూర్చోబెట్టి కొలిస్తే పాదం పొట్టిగా కనపడుతుంది, నిలబడితే వేళ్లు పరుచుకుంటాయి. అట్ట ముందు వేళ్ల దగ్గర వంగాలి, మధ్యలో వంగకూడదు. మూడు జతలు తీసి పక్కన పెట్టి నాలుగోది ఒప్పుకుంటుంది.

మొదటి రెండు వారాలూ మెట్లే. కిందికి దిగేటప్పుడు లిఫ్టు ఎక్కం. మూడు అంతస్తులకి 54 మెట్లు. ఈ వయసు పిల్లలు దిగేటప్పుడు ప్రతి మెట్టు మీదా రెండు పాదాలూ పెడతారు. మెట్టుకొక పాదం వేసి దిగడం నాలుగేళ్లకి గాని కుదరదు. అమ్మ పాపకన్నా ఒక మెట్టు కింద, పాపకేసి తిరిగి, తాను వెనక్కి దిగుతుంటుంది. ఒక చెయ్యి రెయిలింగు మీద, రెండోది పాప పొట్టకి బెత్తెడు దూరంలో. పాపని ముట్టుకోదు. మొదటి రోజు కిందికి చేరడానికి 11 నిమిషాలు, పదో రోజుకి 5. అరవై రెండేళ్ల మోకాళ్లతో ఆవిడ అలా వెనక్కి దిగుతుంటే నాకు కాళ్లు వణుకుతాయి.

మూడో వారం బండి బయటికి వస్తుంది గాని పాప అందులో కూర్చోదు, తోస్తుంది. మన ఊళ్లలో వడ్రంగి చేసిన మూడు చక్రాల చెక్కబండి పట్టుకుని పిల్లలు నడక నేర్చినట్టే ఇది. పిడి పాపకి అందదు కాబట్టి సీటు అంచు పట్టుకుంటుంది. ఇక్కడొక జాగ్రత్త ఉంది. పిడికి సంచులు తగిలించి సీటు ఖాళీగా వదిలితే బండి వెనక్కి తిరగబడుతుంది. సంచులు తీసేసి సీటులో 2 లీటర్ల నీళ్ల సీసా పెట్టి బెల్టు కడతాం. పాప ఇప్పుడు సవారీ కాదు, సీసాని షికారు తిప్పుతోంది. "పడుకో సీసా" అంటూ గొడుగు దింపుతుంది.

నాలుగో వారం నుంచి చెయ్యి. అన్నిటికన్నా నైపుణ్యం ఇక్కడే ఉంది. నేను మణికట్టు పట్టుకుంటాను. అమ్మ వెంటనే విడిపిస్తుంది. ఐదేళ్ల లోపు పిల్లల్ని ఒంటి చేత్తో లాగినా లేపినా మోచేతి దగ్గర ఎముక కట్టులోంచి జారొచ్చు. పిల్ల చెయ్యి వేలాడేసి ఏడుస్తుంది. డాక్టరు ఒక్క తిప్పుతో సరిచేస్తాడు గాని ఆ నొప్పి అనవసరంగా పెట్టినదే. అమ్మ తన చూపుడువేలు, మధ్యవేలు కలిపి పాపకి అందిస్తుంది. పాప వాటిని గుప్పిట బిగిస్తుంది. అమ్మ బొటనవేలు ఆ గుప్పిట మీద గడియలా పడుతుంది. నడుస్తున్నంతసేపూ ఆ బొటనవేలు వదులుగానే ఉంటుంది. కారు హారన్ వినిపిస్తే బిగుస్తుంది. మాటలు రెండే నేర్పుతుంది. "చెయ్యి", "ఆగు". "ఆగు" అన్నప్పుడు తనూ రాయిలా ఆగిపోతుంది. రోజుకి పదిసార్లు ఆటగా, ఇంట్లో, నడవాలో, కార్లు లేని చోట. రెండు వారాలకి ఆ మాట పాప చెవిలోంచి నేరుగా కాళ్లలోకి దిగుతుంది. ఆ తరవాతే రోడ్డు.

గట్టి ముడి నిద్ర. పాప మధ్యాహ్నపు కునుకు చాలావరకు బండిలోనే సాగేది. నవంబరు చివర ఇక్కడ 5 గంటలు కాకుండానే పొద్దు గుంకుతుంది. అమ్మ రోజంతా ముందుకి జరుపుతుంది. 12 గంటలకి అన్నం, 12:45కి గదిలో చీకటి చేసి పక్క మీద పడుకోబెట్టడం, 2:45కి లేపడం, 3:30కి నడక. ఐదు రోజులు ఏడుపు. ఆరో రోజు 20 నిమిషాల్లో నిద్ర. ఎక్కువ ఇళ్లలో బండి మానకపోవడానికి కారణం ఈ కునుకేనని నాకు అనిపిస్తుంది.

డిసెంబరు శుక్రవారాలన్నీ ముహర్రక్‌వే. వంతెన దాటితే పక్క దీవి. అక్కడ పాత పేటల సందుల గుండా, బూ మాహిర్ కోట దగ్గరి సముద్రపు ఒడ్డు నుంచి సియాదీ మజ్లిస్ దాకా 3.5 కిలోమీటర్ల నడక దారి ఉంది. ముత్యాల వ్యాపారపు జ్ఞాపకంగా 2012లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరిన కట్టడాలను కలిపే దారి ఇది. హైదరాబాదులో బస్రా ముత్యాలని చెప్పుకున్నవి ఈ గల్ఫు నీళ్లలోవే. దారి పొడుగునా స్తంభాల మీద గుండ్రటి దీపాలుంటాయి, ముత్యాల్లా. సందుల్లో కార్లు తక్కువ, పిల్లులు ఎక్కువ. పిల్లల నడకకి ఇంతకన్నా మంచి చోటు ఈ దేశంలో నేను చూడలేదు.

బండిని కారు డిక్కీలోనే వదిలేస్తాం. మొదటి శుక్రవారం 300 మీటర్లు, 25 నిమిషాలు. పాప పిల్లి దగ్గర కూర్చుంటుంది, పగడపురాతి గోడ మీద గరుకు తడుముతుంది, చెక్కిన తలుపు కన్నంలో వేలు పెడుతుంది. "అమ్మమ్మా, ఎత్తుకో." అమ్మ వంగి దాని కంటి ఎత్తుకి వస్తుంది. "ఆ ముత్యం దాకా నడువు తల్లీ, అక్కడ ఎత్తుకుంటా." దీపం చేరాక మాట ప్రకారం ఎత్తుకుంటుంది, ఇరవై అంకెలు లెక్కపెట్టి దింపుతుంది. ఒక్కసారీ మాట తప్పదు. మాట తప్పితే తరవాతి దీపానికి పాప కదలదని ఆవిడకి తెలుసు. పూర్వం ముత్యపు చిప్పల కోసం మునిగేవాడిని గైస్ అనేవారు, పడవ మీద తాడు పట్టుకుని నిలబడేవాడు సైబ్. కింద నుంచి తాడు కదిలితేనే సైబ్ పైకి లాగేవాడు, కదిలిందా వెంటనే లాగేవాడు. అమ్మ రెండు వేళ్లు పాప గుప్పిట్లో ఉండే తీరు చూస్తే నాకు ఆ పడవ మనిషే కళ్ల ముందుకి వస్తాడు. రెండో శుక్రవారం 600 మీటర్లు. మూడోది 900, ఎత్తుకోవడం నాలుగుసార్లు. నాలుగోది కిలోమీటరు పైన, ఒక్కసారే.

అమెరికాలో అప్పుడే నడక నేర్చిన పిల్లల్ని పరిశోధకులు గమనించారు. ఏడాది దాటిన పిల్లలు స్వేచ్ఛగా ఆడుకునే గంటలో సగటున 2,368 అడుగులు వేసి, 17 సార్లు పడ్డారట. ఆ లెక్క 2012లో అచ్చయింది. పిల్లల కాళ్లకి సత్తువ లేక కాదన్నమాట బండి ఎక్కించడం. వాళ్లు తిన్నగా నడవరు, మనం తిన్నగా పోవాలి. అంతే తేడా.

జనవరి మొదట్లో పాపకి జ్వరం, 38.5 డిగ్రీలు. తగ్గిన మర్నాడు బండి దగ్గర నిలబడి చేతులు చాపుతుంది. నేను వద్దనబోతే అమ్మ ఆపి, తనే ఎక్కించి బెల్టు పెడుతుంది. "ఒంట్లో బాగాలేని పిల్ల. రెండు రోజులు ఎక్కనీ." మూడో రోజు పాప అడగదు.

సంక్రాంతి ముందు రోజు ఇంట్లో అరిసెలు. మన ఇళ్లలో పిల్ల మొదటి అడుగు వేస్తే అరిసెలు చేస్తాం. బండి మానితే ఫలానా పిండివంట అని పెద్దలెవరూ పెట్టలేదు కాబట్టి, అమ్మ వాటినే మళ్లీ చేస్తుంది. కిలో బియ్యం ఒక పగలూ రాత్రీ నానబెట్టి, నీళ్లు వార్చి, తడి ఆరకముందే మిక్సీలో పిండి పట్టి జల్లిస్తుంది. ముప్పావు కిలో బెల్లం పాకం పడుతుంది. నీళ్ల గిన్నెలో చుక్క వేస్తే మెత్తటి ఉండ కట్టాలి. అప్పుడు దించి పిండి పోసి కలుపుతుంది, అది చలిమిడి. నువ్వులద్ది, తట్టి, నూనెలో వేసి, రెండు గరిటెల మధ్య ఒత్తి తీస్తుంది.

పండగ సాయంత్రం బాబ్ అల్ బహ్రెయిన్ దగ్గర కారు దిగుతాం. 1940ల్లో కట్టిన ఈ కమాను సూక్‌కి ముఖద్వారం. లోపల సందులు దాటుకుంటూ పోతే, సింధీ వర్తకులు 1817లో కట్టుకున్న కృష్ణ మందిరం ఉంది. కుంకుమపువ్వు దుకాణాలు, బంగారం కొట్లు, హల్వా వాసన, పండగ జనం. ఈ ఇరుకులో బండి ఉంటే నాలుగు చోట్ల ఎత్తి మోయాలి. పాప అమ్మమ్మ రెండు వేళ్లు పట్టుకుని జనం కాళ్ల మధ్య నుంచి సాగుతుంది. ఒకచోట సామాను మోసే తోపుడుబండి ఎదురొస్తే, ఎవరూ చెప్పకముందే "ఆగు" అని తనకి తానే చెప్పుకుని నిలబడుతుంది. మందిరం మెట్ల దగ్గర బూట్లు తానే విప్పుతుంది.

మర్నాడు బండి శుభ్రం చేస్తాం. సీటు గుడ్డ ఊడదీసి ఉతుకుతాం. బెల్టు బకిల్‌లో ఇరుక్కున్న బిస్కెట్ ముక్కల్ని పాత టూత్‌బ్రష్‌తో తీస్తాం. ముందు చక్రాల ఇరుసులకి చుట్టుకున్న వెంట్రుకల్ని కత్తెరతో కోసి లాగి, ఒక్కో చుక్క కుట్టుమిషను నూనె వేస్తాం. రెండు గంటల పని. మొదటి అంతస్తులో కాకినాడ వాళ్లున్నారు, బాబుకి ఏడో నెల. లిఫ్టులో దించి వాళ్ల గుమ్మం దాకా పాపే తోస్తుంది. అమ్మ బాబు వాళ్లమ్మకి బ్రేకు ఎక్కడుందో, బెల్టు ఎంత బిగించాలో చూపిస్తుంది. "గంట దాటితే దింపెయ్యమ్మా" అంటుంది. బాబుని కూర్చోబెడతారు. పాప వాడి ఒళ్లో ఒక అరిసె పెట్టబోతే, ఇంకా పళ్లు రాలేదని వాళ్లమ్మ నవ్వుతూ అందుకుంటుంది.

తిరిగి వచ్చేటప్పుడు పాప లిఫ్టు దగ్గర ఆగదు. మెట్లకేసి నడిచి, వెనక్కి చెయ్యి చాపుతుంది.