బలవంతపు నికాహ్: ఇల్లు విడిచిన అమ్మాయి ఏ గుమ్మం తట్టాలి?

హదీసు పాఠం

ఒక యువతి ఉమ్ముల్ మోమినీన్ హజ్రత్ ఆయిషా (రజి) గారి ఇంటికి వచ్చింది. తండ్రి తనను ఆయన సోదరుని కుమారునికిచ్చి నికాహ్ చేశాడనీ, తన ద్వారా అతని హోదా పెంచాలన్నదే ఆయన ఉద్దేశమనీ, తనకు మాత్రం ఆ సంబంధం ఇష్టం లేదనీ మొర పెట్టుకుంది. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) వచ్చేదాకా కూర్చోమన్నారు హజ్రత్ ఆయిషా (రజి). ఆయన (స) వచ్చి విషయం విన్నారు. తండ్రికి కబురు పంపి పిలిపించారు. ఆ తర్వాత నిర్ణయాధికారాన్ని ఆ యువతి చేతికే ఇచ్చారు. అప్పుడామె తండ్రి చేసిన నికాహ్‌ను తాను ఆమోదిస్తున్నానని చెప్పింది. అయితే ఈ విషయంలో తండ్రులకు బలవంతం చేసే హక్కు లేదని స్త్రీలందరికీ తెలియాలనే తాను వచ్చానని కూడా వెల్లడించింది.

ఇది సుననె నసాయీ, సుననె ఇబ్నె మాజాలలో ఉన్న సంఘటన సారాంశం. దీని సనదు గురించి హదీసువేత్తలు చర్చించారు. అయితే ఇదే భావం సహీహ్ బుఖారీలోని హజ్రత్ ఖన్సా బిన్తె ఖిదామ్ (రజి) సంఘటనతో బలపడుతోంది. ఆమె అంతకుముందు వివాహమైన స్త్రీ. తండ్రి ఆమెకు ఇష్టం లేని చోట నికాహ్ చేశాడు. ఆమె దైవప్రవక్త (స) సన్నిధికి వచ్చి చెప్పుకుంది. ఆయన (స) ఆ నికాహ్‌ను రద్దు చేశారు.

ఈ పాఠం ఇప్పుడెందుకు?

పెళ్ళికి నాలుగు రోజులుంది. శుభలేఖలు పంచారు. ఫంక్షన్ హాలుకు అడ్వాన్సు కట్టారు. జోడా డబ్బులు సగం ఇచ్చేశారు. తెల్లవారి ఫజ్ర్ నమాజుకు తల్లి లేచి చూస్తే అమ్మాయి పడక ఖాళీగా ఉంది. ఇలాంటి ఇళ్ళు మన బస్తీల్లో లేవని ఎవరూ అనలేరు. ఆ ఉదయం ఇంట్లో ముందుగా వినిపించే మాట "మన ఇజ్జత్ ఏం కావాలి?" అన్నదే. "బిడ్డ ఎక్కడుంది? క్షేమంగా ఉందా?" అన్న ప్రశ్న రెండోది. "ఆమెను మనం ఎప్పుడైనా అడిగామా?" అన్న మూడో ప్రశ్న చాలా ఇళ్ళల్లో అసలు రాదు.

అలాంటి ఒక తండ్రి ఇషా నమాజు తర్వాత మా దగ్గర కూర్చుని కన్నీరు పెట్టుకున్నాడు. సంబంధం గురించి అమ్మాయిని అడిగారా అన్నాము. "అడగడమేమిటి మౌలానా, చెప్పాము. ఆమె ఏమీ మాట్లాడలేదు. మౌనమే కదా అనుమతి!" అన్నాడు. ఆ మాట సగం నిజం. మిగతా సగం తెలియకపోవడం వల్లే ఆ ఇల్లు ఆ స్థితికి వచ్చింది.

మౌనం ఎప్పుడు అనుమతి అవుతుంది?

బుఖారీ, ముస్లిమ్ గ్రంథాలలో హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖించిన హదీసు ప్రకారం, వివాహమై విడిపోయిన స్త్రీని సంప్రదించకుండా, కన్యను అనుమతి అడగకుండా నికాహ్ చేయకూడదు. కన్య సిగ్గుపడుతుంది కదా, ఆమె అనుమతి ఎలా తెలుస్తుందని సహాబాలు అడిగితే, ఆమె మౌనం వహించడమే అనుమతి అని సెలవిచ్చారు.

ఇక్కడ వరుస గమనించండి. మొదట అడగాలి. ఆ తర్వాతే మౌనానికి అర్థం వస్తుంది. అడగని ప్రశ్నకు మౌనం జవాబు కాదు. వరుడు ఎవరో ఆమెకు స్పష్టంగా తెలిసేలా చెప్పి అడగాలని హనఫీ ఫుఖహా షరతు పెట్టారు. అడిగినది వలీ కాక వేరెవరైనా అయితే నోటి మాట కావాలన్నారు. పుట్టింటిని విడిచే దుఃఖంతో కళ్ళు చెమర్చడం వేరు, ఇష్టం లేక గట్టిగా రోదించడం వేరు అన్నారు. మౌనం సిగ్గుకు గుర్తు కాబట్టి షరీఅత్ దాన్ని అంగీకరించింది. తండ్రి చేతి దెబ్బకు, అన్న బెదిరింపుకు భయపడి నోరు మూసుకుంటే అది సిగ్గు కాదు.

యుక్తవయసు వచ్చిన అమ్మాయిపై ఏ వలీకీ బలవంతపు అధికారం లేదన్నది ఇమామ్ అబూ హనీఫా (రహ్మతుల్లాహి అలైహి) మస్లక్. కొందరు ఇమాములు కన్య విషయంలో తండ్రికి ఆ అధికారం ఉందన్నారు. అయినా ఆమెను అడగడమే ఉత్తమమని వారూ చెప్పారు. హన్బలీ మస్లక్‌లో పెరిగిన ఇమామ్ ఇబ్నె తైమియ్యా (రహ్మతుల్లాహి అలైహి) సైతం యుక్తవయసు వచ్చిన కన్యను బలవంతపెట్టరాదనే అన్నారు.

సలహా వేరు, ఆజ్ఞ వేరు

"మేము బలవంతం చేయలేదు, నచ్చజెప్పాము" అని తల్లిదండ్రులు అంటారు. నచ్చజెప్పడానికి హద్దు ఏమిటో హజ్రత్ బరీరా (రజి) సంఘటన చూపిస్తుంది. ఆమె బానిసత్వం నుంచి విముక్తి పొందాక, బానిసగా ఉన్న భర్త ముగీస్‌తో ఉండాలా వద్దా అన్న ఎంపిక ఆమెకు లభించింది. ఆమె విడిపోయింది. ముగీస్ మదీనా వీధుల్లో ఏడుస్తూ ఆమె వెంట తిరిగేవాడు. దైవప్రవక్త (స) జాలిపడి, తిరిగి అతని దగ్గరకు వెళ్తే బాగుంటుందని ఆమెకు చెప్పారు. ఇది ఆజ్ఞా అని ఆమె అడిగింది. కాదు, సిఫారసు మాత్రమేనని ఆయన (స) చెప్పారు. అయితే తనకు అతని అవసరం లేదని ఆమె చెప్పేసింది (బుఖారీ).

ఆమెపై కోపగించలేదు, అవిధేయురాలని అనలేదు. సాక్షాత్తూ దైవప్రవక్త (స) సిఫారసునే ఒక స్త్రీ కాదనగలిగినప్పుడు, మన సిఫారసు ఆమెకు శాసనం ఎలా అవుతుంది? "నువ్వు ఒప్పుకోకపోతే నేను విషం తాగుతాను", "నా పాల హక్కు మాఫ్ చేయను" అనే మాటలు సిఫారసు కావు. చేత్తో కొట్టకపోయినా అవి బలవంతమే. ఈ మాటలకు అబ్బాయిలు కూడా లొంగుతున్నారు. తల్లి కోసం ఖుబూల్ అని, పెళ్ళయిన ఆరు నెలలకు భార్యను పుట్టింట్లో వదిలేస్తున్నారు. అక్కడ నాశనమయ్యేది ఏ తప్పూ చేయని మరో ఇంటి ఆడబిడ్డ బతుకు.

ఖుర్ఆన్ నాలుగో సూరా (అన్నిసా) 19వ ఆయత్‌లో స్త్రీలను బలవంతంగా వారసత్వపు సొత్తుగా చేసుకోవడాన్ని అల్లాహ్ నిషేధించాడు. రెండో సూరా (అల్ బఖరా) 232వ ఆయత్‌లో, తలాఖ్ పొంది గడువు ముగిసిన స్త్రీలు ధర్మం ప్రకారం పూర్వ భర్తలతో పరస్పర ఇష్టంతో నికాహ్ చేసుకోదలిస్తే అడ్డుపడవద్దన్నాడు. హజ్రత్ మాఖిల్ బిన్ యసార్ (రజి) తన చెల్లెలి విషయంలో అలాగే అడ్డుపడ్డారు. ఈ ఆయత్ అవతరించగానే పట్టుదల విడిచి ఆమె నికాహ్ స్వయంగా జరిపించారు. అల్లాహ్ మాట విన్నాక మాట మార్చుకోవడం ఆయనకు పరువు తక్కువ అనిపించలేదు.

మరి తల్లిదండ్రుల విధేయత?

ఖుర్ఆన్ తల్లిదండ్రులతో "ఉఫ్" అని కూడా అనవద్దంటుంది. ఈ ఆజ్ఞను ఎవరూ తేలిక చేయలేరు. అయితే విధేయత మంచి విషయాలలోనే అన్నది హదీసు సూత్రం (బుఖారీ, ముస్లిమ్). షరీఅత్ అమ్మాయికి ఇచ్చిన హక్కును ఆమె మర్యాదగా వాడుకుంటే అది అవిధేయత కాదు. ఖుర్ఆన్ 31వ సూరా (లుఖ్మాన్) 15వ ఆయత్ ఇంకా పెద్ద విషయంలో దారి చూపింది. తల్లిదండ్రులు షిర్క్ వైపు ఒత్తిడి చేసినా వారి మాట వినకూడదు, కానీ లోకంలో వారితో మంచిగానే మెలగాలి. కాబట్టి "వద్దు" అనవచ్చు, కించపరచకూడదు.

అమ్మాయిలకూ ఒక మాట. తల్లిదండ్రుల అభ్యంతరం ప్రతిసారీ మూర్ఖత్వం కాదు. మీరు కోరుకున్న వ్యక్తి నమాజుకు, నిజాయితీకి దూరంగా ఉన్నాడని నాన్న అంటే అది శ్రేయోభిలాషే. వలీ లేనిదే నికాహ్ లేదన్న హదీసును అబూ దావూద్, తిర్మిజీ ఉల్లేఖించారు. దాని ఆధారంగా ఎక్కువమంది ఇమాములు వలీని తప్పనిసరి అన్నారు. హనఫీ మస్లక్‌లో యుక్తవయస్కురాలు స్వయంగా చేసుకున్న నికాహ్ చెల్లినా, సరిజోడు (కుఫ్వు) కాని చోట వలీకి అభ్యంతరం చెప్పే హక్కు ఉంది. అందుచేత ఇష్టం లేని సంబంధం నుంచి తప్పించుకోవడానికీ, రహస్యంగా మరో సంబంధం కుదుర్చుకోవడానికీ మధ్య ఉన్న తేడాను మరిచిపోకూడదు.

ఇల్లు విడవడానికి ముందు

ఆ యువతి, ఖన్సా (రజి) ఇద్దరూ గడప దాటి వచ్చినవారే. అయితే వారు ఎవరికీ తెలియని చోటికి పోలేదు. న్యాయం దొరికే గుమ్మానికి వచ్చారు. ఈ పాఠంలో అసలు విషయం ఇదే. అమ్మాయిలు ఈ వరుసను గుర్తుంచుకోవాలి.

1. మంగ్నీకి ముందే నోరు విప్పండి. ఇష్టం లేకపోతే అమ్మతో, నానీతో, ఖాలాతో స్పష్టంగా చెప్పండి. నోటితో చెప్పలేకపోతే కాగితం మీద రాసి ఇవ్వండి.

2. ఇస్తిఖారా చేయండి. కారణం చెప్పండి, వారి కారణమూ వినండి. అబ్బాయిని చూడకుండానే వద్దనకండి. పెళ్ళాడదలచిన స్త్రీని చూడమని దైవప్రవక్త (స) హజ్రత్ ముగీరా బిన్ షోబా (రజి)కి చెప్పారు (తిర్మిజీ, నసాయీ). చూసి నిర్ణయించుకోవడంలో అమ్మాయికీ అవకాశం ఉండాలి.

3. నాన్న వినకపోతే ఆయన మాట వినే పెద్దను మధ్యవర్తిగా పంపండి. తాత, మామూ, చచ్చా, మసీదు ఇమామ్, ఎవరైనా సరే.

4. నికాహ్ రోజున వకీలు, సాక్షులు ఇజాజత్ కోసం వచ్చినప్పుడు కూడా "నాకు సమ్మతం లేదు" అనే హక్కు మీకుంది. అప్పటికి ఆలస్యమే, కానీ జీవితమంతా ఏడవడం కంటే మేలు.

5. కొట్టడం, గదిలో బంధించడం, ప్రాణానికి ముప్పు ఉంటే అక్కడే ఉండమని షరీఅత్ అనదు. మహ్రమ్ అయిన మామూ, తాత, అన్న ఇంటికి గానీ, నమ్మకమైన ఫూఫీ, ఖాలా దగ్గరకు గానీ వెళ్ళండి. ఎవరూ లేకపోతే మహిళా హెల్ప్‌లైన్ 181కి, అత్యవసరమైతే 112కి ఫోన్ చేయండి. ప్రభుత్వ సఖి కేంద్రాల్లో తాత్కాలిక వసతి దొరుకుతుంది. 18 ఏళ్ళు నిండని పిల్లలకు 1098 ఉంది. ఆధార్, చదువు సర్టిఫికెట్లు వెంట ఉంచుకోండి. మేజర్లైతే మీ ఇష్టంతోనే వచ్చామని పోలీసులకు రాసివ్వండి.

6. పరాయి మగవాడి చేయి పట్టుకుని మాత్రం వెళ్ళకండి. ఫోనులో పరిచయమై "వచ్చెయ్, నేను చూసుకుంటా" అన్నవాడు రక్షకుడు కాదు. నిప్పు నుంచి తప్పించుకోబోయి బావిలో పడినట్టవుతుంది.

చట్టం ఏమంటుంది?

2006 నాటి బాల్య వివాహాల నిషేధ చట్టం అమ్మాయికి 18, అబ్బాయికి 21 ఏళ్ళు నిర్ణయించింది. 1939 నాటి ముస్లిం వివాహాల రద్దు చట్టం ప్రకారం, 15 ఏళ్ళు నిండకముందే తండ్రి లేదా సంరక్షకుడు పెళ్ళి చేసిన అమ్మాయి, కాపురం జరగకపోతే, 18 ఏళ్ళు నిండేలోపు ఆ వివాహాన్ని తిరస్కరించవచ్చు. ఇద్దరు మేజర్లు పెళ్ళికి అంగీకరించినప్పుడు కుటుంబం, కులపెద్దల సమ్మతి అవసరం లేదని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది. అంటే పెళ్ళి విషయంలో మేజర్ల సమ్మతే ముఖ్యమన్నమాట.

1991లో హైదరాబాద్ నుంచి ఢిల్లీ వెళ్తున్న విమానంలో ఒక పదేళ్ళ బాలిక ఏడుస్తుంటే సిబ్బందిలో ఒక మహిళ గమనించింది. వృద్ధుడైన అరబ్బు దేశస్థుడికిచ్చి పెళ్ళి చేశారని అప్పుడు బయటపడింది. ఆ బిడ్డ కన్నీటిని ఆమె చుట్టూ ఉన్న పెద్దలు పట్టించుకోలేదు. విమానంలోని పరాయి స్త్రీ పట్టించుకుంది. ముస్లిం సమాజంగా మనం దీనికి సిగ్గుపడాలి.

బలవంతంగా నికాహ్ జరిగిపోతే? ఆమె అనుమతి లేకుండా జరిగిన నికాహ్ హనఫీ ఫిఖహ్‌లో ఆమె ఆమోదంపై ఆగి ఉంటుంది. ఆమె తిరస్కరిస్తే చెల్లదు. భయపెట్టి నోటితో "ఖుబూల్" అనిపించిన సందర్భంలో ఫుఖహా మధ్య భేదం ఉంది. అలాంటివారు సొంతంగా నిర్ణయించుకోకుండా వెంటనే దారుల్ ఇఫ్తానూ, ఖాజీనీ సంప్రదించాలి.

మన గుమ్మాలు తెరిచి ఉన్నాయా?

ఆ యువతి హజ్రత్ ఆయిషా (రజి) ఇంటికి ధైర్యంగా రాగలిగింది. ఎందుకంటే అక్కడ "తండ్రి మీదే ఫిర్యాదా?" అని కసురుకునేవారు లేరు. కూర్చోమన్నారు, విన్నారు, తండ్రినీ పిలిచారు, అప్పుడే తీర్పు చెప్పారు. నేడు మన అమ్మాయి మసీదు కమిటీ దగ్గరకు రాగలదా? ఆలిమ్ ఇంటి తలుపు తట్టగలదా? ఆ తలుపు మూసి ఉన్నందువల్లే ఆమె బస్టాండు దారి పడుతోంది.

ఈ తప్పులో మా వాటా కూడా ఉంది. ఎన్నో నికాహ్‌లలో మేము ఖుత్బా చదివాము. వకీలు, సాక్షులు లోపలికి వెళ్ళి రెండు నిమిషాల్లో తిరిగి వచ్చారు. సియాహాపై సంతకం ఉంది, మేము ముందుకు సాగాము. ఆ గదిలో ఆమె చుట్టూ ఎవరున్నారో, నిజంగా అడిగారో లేదో మేము విచారించలేదు. ఇప్పుడు నికాహ్ ఒప్పుకునే ముందు, మా ఇంటి ఆడవాళ్ళను పంపి అమ్మాయితో ఏకాంతంగా మాట్లాడించిన తర్వాతే తేదీ ఇస్తున్నాము. ప్రతి ఇమామ్, ప్రతి ఖాజీ ఈ పద్ధతి పాటించాలని మా మనవి.

ఇక ఆ తండ్రి సంగతి. అమ్మాయి తన నానీ ఇంట్లోనే ఉందని మర్నాడు తెలిసింది. అన్నలు కర్రలు తీసుకుని బయల్దేరబోతే ఆయనే ఆపాడు. తానొక్కడే వెళ్ళి, గుమ్మం బయట నిలబడి, "నిన్ను అడగకపోవడం నా తప్పు, బేటీ" అన్నాడట. శుభలేఖలు వృథా అయ్యాయి, అడ్వాన్సు పోయింది, కూతురు మాత్రం తిరిగి వచ్చింది.

సోదర సోదరీమణులారా! మీ ఇంట్లో పెళ్ళీడు పిల్లలుంటే ఈ రాత్రే పక్కన కూర్చోబెట్టుకుని అడగండి. జవాబు నచ్చకపోయినా చివరిదాకా వినండి. అల్లాహ్ మనకు అప్పగించిన ఈ అమానతుల గురించి పరలోకంలో లెక్క చెప్పాలన్న భయాన్ని మన హృదయాలలో నిలుపుగాక! మన ఇళ్ళను బిడ్డలు పారిపోయే ఇళ్ళుగా కాక, ఆశ్రయం పొందే ఇళ్ళుగా చేయుగాక! ఆమీన్.