ఇంటి చదువు – తల్లిదండ్రుల మనోభారము

పిల్లవానికి అక్షరము నేర్పుట ఒక పని. ఆ పిల్లవానికే అన్నము పెట్టి, స్నానము చేయించి, మందలించి, నిద్రపుచ్చి, ఆ నడుమ అక్షరము నేర్పుట వేరొక పని. మొదటిది ఉపాధ్యాయుడు చేయును. రెండవది తల్లి చేయవలసి వచ్చినపుడు ఆమె మనస్సుపై పడు భారమును గూర్చి లోకము అంతగా ఆలోచించినట్లు కానరాదు.

2020 మార్చి మాసమున కరోనా వ్యాధి కారణముగా తెలంగాణలో బడులు మూతపడినవి. ఆ యేడు సెప్టెంబరు 1వ తేదీ నుండి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ప్రసారముల ద్వారా పాఠములు చెప్పించిరి. 2021 ఫిబ్రవరి 1న తొమ్మిదవ తరగతి మొదలుకొని పైవారికి, ఆ నెలలోనే ఆరు మొదలు ఎనిమిది వరకు గలవారికి బడులు తెరచి, మార్చి 24న మరల మూసిరి. ఒకటి నుండి ఐదు వరకు చదువు చిన్నపిల్లలు మాత్రము 2021 సెప్టెంబరు 1 వరకు, అనగా దాదాపు పదునేడున్నర నెలలు, బడి గడప తొక్కలేదు. అక్షరములు కుదురుకొనవలసిన వయస్సువారే అందరికంటె ఎక్కువ కాలము ఇంటనుండిరి.

ధర్మసాగరము వంటి ఊరిలో దీని స్వరూపము ఊహింపవచ్చును. హనుమకొండకు చేరువనున్న ఈ ఊరి చెరువునకు దేవాదుల ఎత్తిపోతల ద్వారా గోదావరి నీరు చేరుచున్నది. నీరున్న చోట నాట్లు ఆగవు. టీవీలో పాఠము వచ్చు వేళకు తల్లి పొలమున వంగియుండును. ఇంటనున్న ఒక్క ఫోను తండ్రి జేబులోనుండును. సాయంకాలమామె పుస్తకము తెరచుసరికి బిడ్డకు నిద్ర, ఆమెకు నడుమునొప్పి. "నిన్ననే గదరా చెప్పితిని, అప్పుడే మరచితివా?" అన్న మాట అచ్చటనే పుట్టును.

ఈ కోపమునకు మూలమును గుర్తింపవలెను. మరచుట బాలుర స్వభావము. బడిలో ఉపాధ్యాయుడు ఒకే ఎక్కమును పదిమారులు వల్లె వేయించును, ఎవడో ఒకడు తప్పినంతమాత్రమున అది తన పరువునకు లోటని తలపడు. తల్లి అట్లు కాదు. బిడ్డ తప్పు తన తప్పే అనుకొనును, పొరుగింటి పిల్లతో పోల్చుకొనును, ఏడాది వృథా యగునేమోయని భయపడును. ఆ భయమే చేయి విసరించును. ఇందలి నష్టము ఒక పాఠముతో పోవునది కాదు. బడిలో దెబ్బ తిన్న బిడ్డ ఇంటికి వచ్చి తల్లి ఒడిలో ఏడ్చును. తల్లియే కొట్టినచో ఎవరి ఒడికి పోవును?

కావున మొదట తగ్గింపవలసినది పాఠము యొక్క పొడవు. బడిదినమంతయు చదువే యనుకొనుట పొరపాటు. అందు హాజరు, విరామము, ఇతరులు చదువుచుండగా వేచియుండుట ఎంతో కలదు. ఒక్క బిడ్డను ఎదుట కూర్చుండబెట్టుకొని ఉదయము అరగంట, సాయంకాలము అరగంట శ్రద్ధగా చెప్పిన చిన్న తరగతికి చాలును. కోపము గొంతుకు వచ్చినదని తోచిన క్షణమున పుస్తకము మూసి లేచుట ఓటమి కాదు. ఆ పాఠమును రేపు చెప్పవచ్చును.

పుస్తకము లేని పాఠమునకు ఇంట కొరత లేదు. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక. బియ్యము కొలుచునపుడు నాయనమ్మ ఇది చెప్పినచో భిన్నములు చేతికందును. నలువది గుంటలు ఎకరమని తెలిసిన రైతు తన మడి గట్టుపై నడిపించి వైశాల్యము నేర్పగలడు. చదువురాని తల్లిదండ్రులకు తాము చేతగానివారమన్న దిగులు పోవుటకు ఇంతకు మించిన మార్గము లేదు. ఈ సీమకు దూరము కాని పాలకురికివాడైన సోమనాథుడు జాను తెనుగును మెచ్చినది అందరికి అర్థము కావలెననియే గదా. పాఠమైనను ఇంటి మాటలలో చెప్పుట మేలు. న్యాయవాదవృత్తి విడిచి 1920లో భావనగరమున బాలమందిరము నెలకొల్పిన గిజుభాయి బధేకా కథలతో, ఆటలతో బోధించెను. ఆయన గ్రంథము 'పగటి కల' పేర తెలుగున లభించును.

భారమును పంచుకొనుట మరొకటి. బసవేశ్వరుడు కాయకముతో దాసోహమును జోడించెను. శ్రమించుట ఎంతయో, ఉన్నది పంచుట అంత. చదువు చెప్పుట ఒక్క తల్లి పాలే యగుట ఏ న్యాయము? తండ్రి ఒక పూట, పెద్దపిల్ల ఒక పూట, వాడకట్టులోని చదువుకొన్న యువకుడు వారమునకు రెండు దినములు తీసికొన్నచో ఆమెకు ఊపిరి సలుపును. అయితే పెద్దపిల్ల చదువు చిన్నవాని పేర ఆగరాదు. ఇది తరచుగా జరుగుచున్నది, ఆడపిల్ల విషయమున మరీ ఎక్కువ.

బడి తెరచిన పిమ్మటను పిల్లలను ఇంటనే చదివించువారు కొందరు కలరు. వారి బిడ్డలు పదునాలుగేండ్లు నిండిన మీదట సార్వత్రిక విద్యాపీఠము ద్వారా పదవ తరగతి పరీక్ష వ్రాయవచ్చును. మరల బడికి పంపగోరు వారు వెనుకబడితిమని జంకనక్కరలేదు. 2010 ఏప్రిల్ 1 నుండి అమలునకు వచ్చిన విద్యాహక్కు చట్టము ప్రకారము, ఆరు మొదలు పదునాలుగేండ్లలోపు బిడ్డను వయస్సునకు తగిన తరగతిలో చేర్చుకొని, తక్కిన పిల్లలతో సమానమగుటకు ప్రత్యేక శిక్షణ ఇయ్యవలెను. బదిలీ పత్రము ఆలస్యమైనదను కారణముతో ప్రవేశము నిరాకరింపరాదని ఆ చట్టమే చెప్పుచున్నది.