మన బోరింగు ఎక్కడ పుట్టింది?

నేను 9వ తరగతి చదువుతున్నాను. ఈసారి గోడపత్రికకు బోరింగు గురించి రాస్తున్నాను.

పోయిన వేసవి సెలవుల్లో మా ఊరి బోరింగు పాడయ్యింది. రెండు నెలలు బాగుచెయ్యడానికి ఎవ్వరూ రాలేదు. అందరం గెడ్డ నీళ్ళే తాగాము. మా తమ్ముడికి విరేచనాలు పట్టుకొని కళ్ళు లోపలికి పోయాయి. డోలీలో మోసుకెళ్ళారు, బతికాడు. అప్పుడు నాన్న "నువ్వు చదువుకుంటున్నావు కదమ్మా, దీనికి ఏమయ్యిందో చెప్పు" అని అడిగాడు. నాకు తెలీలేదు. సిగ్గేసింది. బడి తెరిచాక సైన్సు మేష్టారిని అడిగి తెలుసుకున్నాను.

వెనక మన దేశంలో పోత ఇనుము పంపులు ఉండేవి. అవి ఒక్క ఇంటివాళ్ళు వాడుకోవడానికి చేసినవి. ఊరంతా పొద్దున్నుంచి రాత్రిదాకా కొడితే ఆగుతాయా? విరిగిపోయేవి.

మహారాష్ట్రలో జాల్నా, షోలాపూర్ దగ్గర క్రైస్తవ మిషన్ల వాళ్ళు కరువు ఊళ్ళకి బోర్లు వేసేవారు. వాళ్ళు బోరు వేసేసి ఊరుకోలేదు. పంపు ఎక్కడ విరుగుతుందో చూశారు. జాల్నాలో ఉక్కుతో గట్టి పంపు చేశారు. షోలాపూర్‌లో దాన్ని ఇంకా బాగుచేశారు. ఆ పంపును చూసి యూనిసెఫ్, ప్రభుత్వం, ఇంజనీర్లు కలిసి 1970ల చివర్లో ఇండియా మార్క్-2 తయారుచేశారు. ఇప్పుడు ఆఫ్రికా దేశాల్లో కూడా అది ఉంది.

మన హాస్టలు బోరింగు మూత తీసినప్పుడు లోపల చూశాను, సైకిలు గొలుసులాంటిది ఉంది. హ్యాండిలు వంపుగా తిరుగుతుంది, కానీ లోపలి కడ్డీ నిటారుగా లేవాలి. గొలుసు ఆ పని చేస్తుంది. లేకపోతే కడ్డీ పక్కకి లాగి అరిగిపోతుంది. హ్యాండిలు అంత బరువు ఎందుకు పెట్టారో అని నేను రోజూ తిట్టుకునేదాన్ని! లోపలి కడ్డీల బరువుకి సరితూగాలని పెట్టారంట.

మార్క్-2లో ఒక కష్టం ఉంది. అడుగున వాషరు అరిగితే పైపులన్నీ పైకి లాగాలి. దానికి సామాను, మనుషులు కావాలి. మా ఊరు అందుకే ఎదురుచూసింది అనుకుంటున్నాను. తరువాత వచ్చిన మార్క్-3లో పైపు వెడల్పుగా ఉంటుంది. పైపులు కదపకుండా కడ్డీని, పిస్టనును మాత్రం లాగి వాషరు మార్చవచ్చు. నేర్పిస్తే ఊళ్ళోవాళ్ళే చేసుకుంటారు.

దసరా సెలవుల్లో మా ఊరిది ఏ రకమో చూసి నాన్నకు చెబుతాను. మీరు కూడా మీ ఊరి బోరింగు చూసి రండి, వాషరు ఎవరు మారుస్తున్నారో అడగండి. వచ్చాక ఇక్కడే రాద్దాం.