బొంగురు గొంతుకు కూడ చోటిచ్చిన ఎం.బి. శ్రీనివాసన్ గారు

ఈసారి ఒక పాటల సారు గురించి రాస్తున్నాను.

నేను ఆరో తరగతి వేరే బడిలో చదివిన. అక్కడ ప్రార్థనలో ఒకరు నన్ను "నీది బొంగురు గొంతు, ఉత్తగ పెదవులు కదిలించు చాలు" అన్నరు. అప్పటి సంది నేను పాడలేదు. అందుకే ఈయన జీవితం నాకు నచ్చింది.

శ్రీనివాసన్ గారు 1925లో చిత్తూరులో జన్మించారు. మద్రాసులో ఉండి ఎక్కువగా మలయాళ సినిమాలకు సంగీతం కూర్చారు. అయ్యప్ప పాటలతో మనకు తెలిసిన ఏసుదాసు గారి తొలి సినిమా పాటను 1961లో రికార్డు చేయించింది ఈయనే. అది కులభేదం వద్దన్న నారాయణ గురు పద్యం! ఈయన భార్య, జలియన్‌వాలాబాగ్ పాఠంలో వచ్చే సైఫుద్దీన్ కిచ్లూ గారి కూతురు. (పరీక్షలో రాదు, ఊకె చెప్పిన.)

సినిమా పాటల్లో వాద్యాలు వాయించేటోళ్ల పేర్లు మనకు తెలియవు. వాళ్లకు మద్రాసులో సంఘం కట్టడంలో ఈయన ముందున్నారు. 1970ల మొదట్లో మద్రాస్ యూత్ క్వయర్ స్థాపించారు. క్వయర్ అంటే బృందగానం. అందులో పాడినవాళ్లు పాటతో బతికేవాళ్లు కారు, మామూలు మనుషులే.

మన రేలా పాటలో ఒకామె అందుకుంటే మిగతావాళ్లు అదే వరుస పాడుతరు. క్వయర్‌లో అట్ల కాదు. ఒక జట్టు పై స్వరంలో, ఇంకో జట్టు కింది స్వరంలో, ఒకేసారి వేరు వేరు వరుసలు పాడాలె. యూరప్‌లో ఇది పాత పద్ధతి. జర్మనీలో బాక్ అనే సంగీతకారుడు 1723 నుంచి లైప్‌జిగ్‌లో బడి పిల్లలకు ఇట్లనే నేర్పేవాడు. ఆ పిల్లలు కూడ మన లెక్క బడిలనే ఉండి చదువుకున్నోళ్లు! కింది వరుసకు లావు గొంతులే కావాలె. అది లేకుంటే పై వరుస ఒంటరిగ ఉంటది.

ఈ పద్ధతిని శ్రీనివాసన్ గారు మన దేశ భాషల పాటలకు తెచ్చారు. 1980లలో ఎన్.సి.ఇ.ఆర్.టి. వారు బడి పిల్లలకు సామూహిక గీతాలు నేర్పించిన కార్యక్రమంలో కూడ పనిచేశారు. 1988 మార్చి 9న లక్షద్వీప్‌లో మరణించారు.

పోయిన శనివారం భోజనశాలల మేం పదకొండు మందిమి చేసి చూసినం. ఒక జట్టు 'స' పట్టి నిలబడ్డది, ఇంకో జట్టు 'ప' అందుకున్నది. మూడుసార్లు చెడిపోయింది, నవ్వులే నవ్వులు. నాలుగోసారి నిలిచింది. నేను 'స'లో ఉన్న. కింది జట్టుకు ఇంక నలుగురు తక్కువున్నరు. రాత్రి స్టడీ అవర్ అయినంక తొమ్మిదో తరగతి గదికి రండి.