‘ట్రాన్స్‌లేట్’ అను క్రియ పుట్టుక

పరీక్షపత్రములలో మన విద్యార్థులకు మిక్కిలి పరిచితమైన ఆంగ్లక్రియ ‘ట్రాన్స్‌లేట్’. ఇది లాటిను భాషనుండి వచ్చినది. ‘ట్రాన్స్’ అనఁగా ఆవలికి. ‘లాటుస్’ అనఁగా మోయఁబడినది. ఈవలి యొడ్డున నున్నదానిని ఆవలి యొడ్డునకుఁ జేర్చుట యని భావము.

లాటినులో మోయుట కుపయోగించు క్రియ ‘ఫెర్రె’. దాని భూతకాలరూపము ‘తులి’. మోయఁబడిన దనుటకు ‘లాటుస్’. ఒకే క్రియకు పొంతన లేని రూపములా యని యాశ్చర్యపడ నక్కఱలేదు. ఆంగ్లమున ‘గో’ క్రియకు ‘వెంట్’ అను పరాయి రూపము భూతకాలమున నిలిచినది గదా! ‘ఫెర్రె’కు సంస్కృతమునందలి ‘భృ’ ధాతువు జ్ఞాతి. భరించుట, భారము అను మాటలు దాని సంతతి. ఆంగ్లమునందలి ‘బేర్’ కూడ నా వంశముదే. ‘తులి’, ‘లాటుస్’ అనునవి ఎత్తుట యను నర్థముగల వేఱొక మూలమునుండి వచ్చినవి. త్రాసునకు మనము వాడు ‘తుల’ శబ్దము వాని దాయాది.

అయినను ధ్వనిని మాత్రమే చూచి చుట్టఱికము కలుపరాదు. ఏటిని దాఁటించు పడవకు ఆంగ్లమున ‘ఫెర్రీ’ యని పేరు. పెన్నయొడ్డున పెరిగిన పిల్లలు ఇది ‘ఫెర్రె’నుండియే పుట్టెనని తలంచిన తప్పుపట్టలేము, అర్థమును చక్కగా నతుకును. కాని ‘ఫెర్రీ’ జర్మానిక్ భాషాకుటుంబమునకుఁ జెందిన మాట. ప్రయాణించుట యను నర్థముగల ‘ఫేర్’ దానికి బంధువు.

1611వ సంవత్సరపు ఆంగ్ల బైబిలులో, హెబ్రీయులకు వ్రాసిన పత్రిక 11వ అధ్యాయమున, హనోకును దేవుఁడు గొనిపోయిన సంగతి చెప్పుచోట నీ క్రియయే కలదు. అచ్చట భాషతోఁ బనియే లేదు. బిషప్పును ఒక మండలమునుండి వేఱొక మండలమునకు మార్చుటకును ఇదియే మాట.

మన ‘అనువదించు’ శబ్దమునందు మోఁత లేదు. ‘అను’ అనఁగా వెనుక, ‘వద’ అనఁగా పలుకుట. ఒకరు చెప్పినదానిని వెంట మరలఁ జెప్పుట. ‘తెనిగించు’ అను మాట యింకను వేఱు: తెలుఁగుగాఁ జేయుట. 1840లో నెల్లూరు చేరిన సామ్యుయేలు డే దొరగారికిని, 1849లో వచ్చిన లైమను జూయెట్ దొరగారికిని ఈ మూఁడు పనులును దినదినమును తటస్థించియే యుండును.

పదుమూఁడవ శతాబ్దమున నీ నెల్లూరిలోనే మనుమసిద్ధి యాస్థానమున నుండిన తిక్కన సోమయాజి, విరాటపర్వము మొదలుకొని పదునైదు పర్వములు తెనిగించెను. అందు భగవద్గీతను మిక్కిలి సంగ్రహించెను. లాటినువారి మాటనుబట్టి చూచినచో ఆయన సరకులోఁ జాల భాగము ఈవలి యొడ్డుననే విడిచెను. ‘తెనిగించు’ అను మాటనుబట్టి చూచినచో నది లోపముగాఁ దోఁపదు.